ప్రశ్నలు – జవాబులు: రూటర్ డిస్కు, లినక్స్ కంప్యూటర్

రూటర్ వెనకున్న యూఎస్‌బీ పోర్టుకు పెన్‌డ్రైవో హార్డ్ డిస్కో తగిలించి ఇంట్లో అందరూ వాడుకోవడం గురించి వచ్చిన ప్రశ్నలను ఈసారి ఒకచోట చేర్చాం. కమాండ్లను తెలుగు అక్షరాల్లోనే అచ్చువేశాం. టెర్మినల్లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి, పెద్ద అక్షరాలు కావలసిన చోట విడిగా చెప్పాం. 192.168.1.1 అని ఉన్నచోటల్లా మీ రూటర్ అడ్రసు వేసుకోండి. అది తెలియకపోతే 'ఐపీ రూట్' (ఆర్-ఓ-యూ-టి-ఈ) అని కొట్టండి, 'డిఫాల్ట్ వయా' పక్కన కనిపించే నంబరే అది.

ప్రశ్న: విండోస్ ఉన్నప్పుడు రూటర్ డిస్కు బాగానే తెరుచుకునేది. అదే ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేశాక మౌంట్ చేయబోతే (అంటే దాన్ని ఒక ఫోల్డర్‌గా తగిలించబోతే) 'మౌంట్ ఎర్రర్ 112: హోస్ట్ ఈజ్ డౌన్' అంటోంది. రూటర్ నడుస్తూనే ఉంది, ఇంటర్నెట్ వస్తోంది, పింగ్ కూడా వెళ్తోంది. మరి డౌన్ అయింది ఏమిటి?

ఏదీ డౌన్ కాలేదు. ఆ మాట నమ్మి రూటర్‌ను రీసెట్ చేయకండి, ఉన్న సెట్టింగులు పోతాయి తప్ప ఒరిగేదేమీ ఉండదు. పింగ్ వెళ్తున్నా 112 వస్తోందంటే దాదాపు ఎప్పుడూ ఒకటే కారణం: మీ కంప్యూటర్ మాట్లాడే ఎస్‌ఎంబీ (నెట్‌వర్కులో ఫైళ్లు పంచుకునే భాష) వెర్షను రూటర్‌కు రాదు. పలకరింపు దగ్గరే రూటర్ లైన్ కట్ చేసేస్తుంది, కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) దాన్ని 'అవతల ఎవరూ లేరు' అని రాసుకుంటుంది.

చాలా రూటర్ల ఫర్మ్‌వేర్‌లో ఫైళ్లు పంచే పని చేసేది సాంబా, అదీ ఏళ్లనాటి వెర్షను. సాంబా 3.6 కంటే ముందువాటికి మామూలుగా ఎస్‌ఎంబీ1 తప్ప మరొకటి రాదు. 3.6లో ఎస్‌ఎంబీ2 ఉన్నా మామూలుగా ఆపేసి ఉంటుంది. ఇటు లినక్స్ వైపు చూస్తే, 2017 మేలో వాన్నాక్రై వైరస్ విండోస్ ఎస్‌ఎంబీ1లోని లోపం గుండా ప్రపంచమంతా పాకింది. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన కెర్నెల్ 4.13 నుంచి, మనం ప్రత్యేకంగా అడిగితే తప్ప ఎస్‌ఎంబీ1 వాడటం మానేశారు. మీ రూటర్ ఆ గీతకు అవతల ఉండిపోయింది.

మౌంట్ ఫెయిలైన వెంటనే 'సుడో డీఎంఈఎస్‌జీ' కొట్టి (కెర్నెల్ రాసుకున్న మాటలను చూపే కమాండ్ ఇది) చివరి వరుసలు చూడండి. 'డయలెక్ట్ నాట్ సపోర్టెడ్ బై సర్వర్' అన్న మాట, దాని వెంట వెర్స్=1.0 గానీ 2.0 గానీ ఇచ్చి చూడమన్న సలహా కనబడితే సందేహమే లేదు. ఆ వెర్స్ అనేది వెర్షన్‌లో మొదటి నాలుగు అక్షరాలు. ముందు 2.0తో ప్రయత్నించండి, కుదరకపోతేనే కింద రాసినట్టు 1.0కు దిగండి:

సుడో ఎంకేడీఐఆర్ -పి /ఎంఎన్‌టీ/రూటర్
సుడో మౌంట్ -టి సీఐఎఫ్ఎస్ //192.168.1.1/యూఎస్‌బీ1 /ఎంఎన్‌టీ/రూటర్ -ఓ గెస్ట్,వెర్స్=1.0

ఇందులో యూఎస్‌బీ1 అన్నది షేర్ పేరు. మీ రూటర్‌లో ఏముందో ఊహించి కొట్టకండి. పేరు తప్పయితే 'ఎర్రర్ 2: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' వస్తుంది, మనమేమో మౌంట్ చేసే ఫోల్డరు లేదంటోందనుకుని దాన్ని మళ్లీ మళ్లీ తయారుచేస్తూ కూర్చుంటాం. అసలు పేరు తెలుసుకోవడానికి:

ఎస్‌ఎంబీక్లయింట్ -ఎల్ //192.168.1.1 -ఎన్ --ఆప్షన్='క్లయింట్ మిన్ ప్రోటోకాల్=ఎన్‌టీ1'

ఇక్కడ ఎల్, ఎన్, ఎన్‌టీ పెద్ద అక్షరాలు. ఎన్‌టీ1 అంటే ఎస్‌ఎంబీ1కు సాంబా వాడే పేరు. చూపే పట్టికలో 'డిస్క్' అని రాసి ఉన్న వరుసలే మనకు పనికొచ్చేవి. 'ఐపీసీ' అన్నది రూటర్ సొంత వాడకానికి, దాని జోలికి పోకండి.

'రాంగ్ ఎఫ్‌ఎస్ టైప్, బ్యాడ్ ఆప్షన్' అంటూ పొడుగాటి వాక్యం వస్తే అది వెర్షను గొడవ కాదు, ఎస్‌ఎంబీ మౌంటుకు కావలసిన సీఐఎఫ్ఎస్-యుటిల్స్ ప్యాకేజీ వేయలేదన్నమాట. ఇక వెర్స్=1.0 ఇచ్చినా డీఎంఈఎస్‌జీలో 'లెగసీ డయలెక్ట్ డిజేబుల్డ్' అని వస్తే మీ కెర్నెల్‌లో ఎస్‌ఎంబీ1ను ఆపేసి ఉంచారు. దాన్ని మౌంట్ ఆప్షన్లతో గెలవలేం. రూటర్‌కు కొత్త ఫర్మ్‌వేర్ ఉందేమో, స్టోరేజ్ పేజీలో ఎస్‌ఎంబీ వెర్షను ఎంచుకునే చోటు ఉందేమో వెతకాలి. ఆ మాటకొస్తే 112 చూసిన ప్రతివారూ మొదట వెతకవలసింది అదే. రూటర్‌కే ఎస్‌ఎంబీ2 నేర్పగలిగితే ఈ కసరత్తంతా అక్కర్లేదు.

ప్రశ్న: టెర్మినల్ నుంచి వెర్స్=1.0తో చక్కగా మౌంటవుతోంది. ఫైల్ మేనేజర్‌లో మాత్రం అదే అడ్రసు ఇస్తే 'ఫెయిల్డ్ టు రిట్రీవ్ షేర్ లిస్ట్ ఫ్రమ్ సర్వర్' అంటుంది. ఒకే కంప్యూటర్, ఒకే రూటర్, రెండు రకాల ఫలితాలేమిటి?

లినక్స్‌లో రూటర్ డిస్కుకు రెండు దారులున్నాయి, వాటికి ఒకదాని సంగతి మరొకదానికి తెలియదు. మౌంట్ కమాండ్ వెళ్లేది కెర్నెల్‌లోని సీఐఎఫ్ఎస్ దారిన. అది సాంబా సెట్టింగుల ఫైలును కన్నెత్తి కూడా చూడదు, మీరిచ్చిన ఆప్షన్లే దానికి లెక్క. ఫైల్ మేనేజర్, ఎస్‌ఎంబీక్లయింట్ కమాండ్ రెండూ వెళ్లేది సాంబా లైబ్రరీ దారిన. అవి చదివేది /ఈటీసీ/సాంబా లోని ఎస్‌ఎంబీ.కాన్ఫ్ ఫైలును. 2019లో వచ్చిన సాంబా 4.11 నుంచి ఆ లైబ్రరీ కూడా ఎస్‌ఎంబీ1ను పక్కన పెట్టింది. అందుకే ఒకదానికి చేసిన వైద్యం రెండోదానికి పనిచేయలేదు. ఈ సమస్య మీద దొరికే సలహాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడానికి సగం కారణం ఇదే, ఏ దారి గురించి చెబుతున్నారో ఎవరూ చెప్పరు.

ఎస్‌ఎంబీ.కాన్ఫ్ తెరిచి, చదరపు బ్రాకెట్లలో 'గ్లోబల్' అని ఉన్న వరుస కిందనే ఇది చేర్చండి:

క్లయింట్ మిన్ ప్రోటోకాల్ = ఎన్‌టీ1

ఫైలు చివర అతికిస్తే అది మరో షేర్ విభాగంలోకి పోయి ఏ ప్రభావమూ చూపదు. 'సర్వర్ మిన్ ప్రోటోకాల్' అన్న వరుసను కూడా కలిపి కాపీ చేస్తుంటారు. అది మీ కంప్యూటర్ ఇతరులకు ఫైళ్లు పంచేటప్పటి సంగతి, ఇక్కడ అవసరం లేదు, పెడితే చేటు కూడా. సేవ్ చేశాక 'టెస్ట్‌పార్మ్ -ఎస్' కొట్టి వరుస కనిపిస్తోందో లేదో చూసుకోండి, తర్వాత ఒకసారి లాగౌట్ అయి లాగిన్ అవండి. ఫైల్ మేనేజర్ వెనక నడిచే జీవీఎఫ్ఎస్ ప్రక్రియ పాత సెట్టింగునే పట్టుకుని ఉంటుంది, కిటికీ మూసి తెరిస్తే సరిపోదు.

ఇంత చేసినా 'నెట్‌వర్క్' జాబితాలో రూటర్ తనంతట తాను కనబడకపోవచ్చు. పేర్లు ప్రకటించుకునే పాత నెట్‌బయోస్ పద్ధతి వేరు, ఫైళ్లు ఇచ్చే పద్ధతి వేరు. పైగా ఫైర్‌వాల్ ఉంటే యూడీపీ 137 మీద తిరిగొచ్చే జవాబులను అది ఆపేస్తుంది. జాబితాతో పోరాడే బదులు అడ్రసు పెట్టెలో 'ఎస్‌ఎంబీ://192.168.1.1/యూఎస్‌బీ1' అని నేరుగా కొట్టి బుక్‌మార్క్ పెట్టుకోండి.

ప్రశ్న: నాకు వచ్చేది ఎర్రర్ 115, 'ఆపరేషన్ నౌ ఇన్ ప్రోగ్రెస్'. ఎంతసేపు ఆగినా ప్రోగ్రెస్ లేదు.

కంప్యూటర్ పంపిన పిలుపు రూటర్‌లోని ఫైల్ సేవకు అందడమే లేదు. 'ఎన్‌సీ -జడ్‌వీ 192.168.1.1 445' కొట్టండి. 'రెఫ్యూజ్డ్' అని వెంటనే వస్తే రూటర్‌లో షేరింగ్ ఆన్ చేయలేదు, లేదా డిస్కును అది గుర్తించక ఆ సేవను మొదలుపెట్టలేదు. జవాబే రాక టైమ్ అవుట్ అయితే మూడు అనుమానాలు: మీరు గెస్ట్ వైఫైలో ఉన్నారు, వీపీఎన్ ఆన్‌లో ఉంది, లేదా ఇంట్లో రెండు రూటర్లు ఉండి డిస్కు మీరనుకున్నదానికి కాక రెండోదానికి తగిలించి ఉంది. గెస్ట్ వైఫై ఇంటర్నెట్ ఇస్తుంది గానీ రూటర్ సొంత సేవలను దాచేస్తుంది, అది దాని ఉద్దేశమే.

ప్రశ్న: పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా 'ఎర్రర్ 13: పర్మిషన్ డినైడ్'. అదే పాస్‌వర్డుతో రూటర్ పేజీలోకి వెళ్లగలుగుతున్నాను.

రూటర్ పేజీ పాస్‌వర్డు, డిస్కు పాస్‌వర్డు చాలా రూటర్లలో వేర్వేరు. స్టోరేజ్ లేదా యూఎస్‌బీ షేరింగ్ అన్న పేజీలో వేరే యూజర్ల పట్టిక ఉందేమో ముందు చూడండి.

ఉన్నది సరైనదేనని తేలితే డీఎంఈఎస్‌జీ చదవండి. 'లాగాన్ ఫెయిల్యూర్' అని ఉంటే పేరో పాస్‌వర్డో రూటర్‌కు నచ్చలేదు. 'యాక్సెస్ డినైడ్' అని ఉంటే లోపలికి రానిచ్చింది, ఆ షేర్ మీద మాత్రం ఆ యూజర్‌కు హక్కివ్వలేదు. రెండోదాన్ని రూటర్ పేజీలోనే సరిచేయాలి.

మొదటిదానిలో తరచుగా దొరికే దొంగ పాస్‌వర్డులోని కామా. మౌంట్ కమాండులో ఆప్షన్లను విడదీసేది కామాయే కాబట్టి, పాస్‌వర్డు అక్కడితో తెగిపోతుంది, మిగిలిన ముక్క కొత్త ఆప్షన్ అనుకుంటుంది. పాస్‌వర్డును ఒక ఫైల్లో పెడితే ఈ బాధ పోతుంది, కమాండ్ హిస్టరీలో మిగిలిపోవడమూ ఉండదు. /ఈటీసీ/రూటర్-పాస్ అన్న ఫైలు తెరిచి రెండు వరుసలు రాయండి: ఒకదానిలో యూజర్‌నేమ్=మీ పేరు, రెండోదానిలో పాస్‌వర్డ్=మీ పాస్‌వర్డు. సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలవద్దు. 'సుడో సీహెచ్‌మోడ్ 600 /ఈటీసీ/రూటర్-పాస్' కొట్టి ఇతరుల కంటపడకుండా చేయండి. మౌంట్‌లో గెస్ట్ అన్న చోట క్రెడెన్షియల్స్=/ఈటీసీ/రూటర్-పాస్ అని పెట్టండి.

ఇంకో చిక్కు ఉంది, దీనికి మంచి మందు లేదు. మరీ పాత రూటర్లకు పాస్‌వర్డును సరిచూసే పద్ధతుల్లో ఎన్‌టీఎల్‌ఎం మొదటి వెర్షను తప్ప రాదు. ఒకప్పుడు సెక్=ఎన్‌టీఎల్‌ఎం అన్న ఆప్షనుతో నెట్టుకొచ్చేవాళ్లం. 2021లో వచ్చిన కెర్నెల్ 5.15లో దాన్ని పూర్తిగా తీసేశారు. అలాంటి రూటర్లో గెస్ట్ యాక్సెస్ తెరవడమో డిస్కును ఇంకో యంత్రానికి మార్చడమో తప్పదు.

ప్రశ్న: మౌంటయింది, ఫైళ్లు తెరుచుకుంటున్నాయి. కొత్త ఫైలు పెట్టబోతే ఒప్పుకోవడం లేదు. రూటర్లో 'రీడ్ అండ్ రైట్' అనే పెట్టాను.

తప్పు కంప్యూటర్ వైపుదా రూటర్ వైపుదా అన్నది ఒక్క కమాండుతో తేలుతుంది:

సుడో టచ్ /ఎంఎన్‌టీ/రూటర్/పరీక్ష

సుడోతో ఫైలు పుట్టిందంటే రూటర్‌కు అభ్యంతరం లేదు, అడ్డుపడుతున్నది మీ కంప్యూటరే. సుడోతో మౌంట్ చేసినది రూట్ (అన్ని హక్కులూ ఉన్న యూజర్) సొత్తవుతుంది, మామూలు యూజర్ చూడగలడు, రాయలేడు. చాలామంది ఇక్కడ మౌంట్ అయిన ఫోల్డర్ మీద సీహెచ్‌మోడ్ 777 కొడతారు. మౌంట్ ఆప్షన్లు తేల్చాల్సిన విషయం అది, కాబట్టి సీహెచ్‌మోడ్ ఏమీ చేయదు, లేదా చేసినట్టు నటిస్తుంది. డిస్కును అన్‌మౌంట్ చేసి, ఆప్షన్లలో ఇవి చేర్చి మళ్లీ మౌంట్ చేయండి:

యూఐడీ=1000,జీఐడీ=1000,ఫైల్_మోడ్=0664,డీఐఆర్_మోడ్=0775

1000 అన్నది ఎక్కువ డిస్ట్రిబ్యూషన్లలో మొదటి యూజర్ నంబరు. మీది 'ఐడీ' కమాండుతో చూసుకోండి. ఇవి పెట్టాక కూడా 'ఎల్ఎస్ -ఎల్'లో ఫైళ్ల యజమాని మారకపోతే అక్కడ ఎస్‌ఎంబీ1 మరో ఆట ఆడుతోంది. అవతల ఉన్నది సాంబా కాబట్టి యూనిక్స్ ఎక్స్‌టెన్షన్లు అమలులోకి వచ్చి, రూటర్ తన లోపలి యజమాని నంబర్లనే పంపుతుంది, మీ యూఐడీ పక్కకు పోతుంది. 'నోయూనిక్స్' అన్న ఒక్క మాట ఆప్షన్లకు కలిపితే సర్దుకుంటుంది. వెర్స్=1.0 వాడేవారు దీన్ని మొదటి నుంచే పెట్టుకోవడం మేలని మా అభిప్రాయం. కొన్ని ఫోల్డర్లు ఉండుండి 'స్టేల్ ఫైల్ హ్యాండిల్' అంటుంటే 'నోసర్వర్ఐనో' కూడా చేర్చండి.

సుడోతో కూడా ఫైలు పుట్టకపోతే రూటర్ డిస్కును చదవడానికి మాత్రమే తెరిచిందని అనుమానించాలి. ఎన్‌టీఎఫ్ఎస్ డిస్కుల్లో ఇది మామూలు. విండోస్ కంప్యూటర్ నుంచి 'సేఫ్‌లీ రిమూవ్' చేయకుండా పీకినా, ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉండగా షట్‌డౌన్ చేసి పీకినా, డిస్కు మీద 'పని మధ్యలో ఉంది' అన్న గుర్తు మిగిలిపోతుంది. అది చూసిన రూటర్ భయపడి రాయడం మానేస్తుంది. డిస్కును మళ్లీ విండోస్‌కు తగిలించి, చెక్‌డిస్క్ నడిపి, సరిగ్గా ఎజెక్ట్ చేస్తే గుర్తు చెరిగిపోతుంది.

ప్రశ్న: ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (/ఈటీసీ లో, ఏవి మౌంట్ చేయాలో రాసి ఉంచే ఫైలు) వరుస రాశాను. అప్పటి నుంచి కంప్యూటర్ బూటయ్యేటప్పుడు నిమిషంన్నర ఆగిపోతోంది, తీరా చూస్తే డిస్కు మౌంటయి ఉండదు.

ఆ నిమిషంన్నర సిస్టమ్‌డీ (బూట్ పనులన్నీ నడిపించే ప్రోగ్రాం) మామూలుగా ఇచ్చే 90 సెకన్ల గడువు. వైఫై పాస్‌వర్డును మీ యూజర్ కీరింగ్‌లో దాచుకున్న కంప్యూటర్లలో, మీరు లాగిన్ అయితే గానీ వైఫై కలవదు. బూట్ సమయంలో మౌంట్ చేయమంటే లేని నెట్‌వర్కు మీద రూటర్ ఎక్కడ దొరుకుతుంది? కాబట్టి బూట్‌లో మౌంట్ చేయించకండి, ఫోల్డర్ తెరిచినప్పుడు మౌంటయ్యేలా చేయండి. ఇదంతా ఒకే వరుసలో రాయాలి:

//192.168.1.1/యూఎస్‌బీ1 /ఎంఎన్‌టీ/రూటర్ సీఐఎఫ్ఎస్ క్రెడెన్షియల్స్=/ఈటీసీ/రూటర్-పాస్,వెర్స్=1.0,నోయూనిక్స్,యూఐడీ=1000,జీఐడీ=1000,నోఫెయిల్,నోఆటో,ఎక్స్-సిస్టమ్‌డీ.ఆటోమౌంట్,ఎక్స్-సిస్టమ్‌డీ.మౌంట్-టైమౌట్=15 0 0

'_నెట్‌డెవ్' కూడా పెట్టాలని చాలాచోట్ల రాస్తారు. సీఐఎఫ్ఎస్ నెట్‌వర్కుకు చెందినదని సిస్టమ్‌డీకి ముందే తెలుసు, పెట్టినా మానినా తేడా లేదు. షేర్ పేరులో ఖాళీ ఉంటే ఆ ఖాళీ బదులు \040 అని రాయాలి, లేకపోతే వరుస అక్కడే తెగుతుంది. సేవ్ చేశాక 'ఫైండ్ఎంఎన్‌టీ --వెరిఫై' తప్పులు చూపిస్తుంది. తర్వాత 'సుడో సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్' (డీమన్ అంటే డి-ఏ-ఈ-ఎం-ఓ-ఎన్) కొట్టి రీస్టార్ట్ చేయండి.

ప్రశ్న: తెలుగులో పేర్లున్న ఫైళ్లన్నీ ప్రశ్నార్థకాలుగా కనబడుతున్నాయి.

ఆప్షన్లలో ఐఓక్యారెక్టర్‌సెట్ పెట్టాలి. ఇంగ్లీషులో దాన్ని ఐ, ఓ, ఆ వెంటనే సి-హెచ్-ఏ-ఆర్-ఎస్-ఈ-టి అని కలిపి రాసి, సమానం గుర్తు, యూటీఎఫ్8 అనాలి. అది పెట్టగానే 'ఎర్రర్ 79' వస్తే కెర్నెల్‌కు యూటీఎఫ్8 మాడ్యూల్ లేదన్నమాట. ఉబుంటు చిన్న కెర్నెళ్లలో అది మాడ్యూల్స్-ఎక్స్‌ట్రా ప్యాకేజీలో విడిగా ఉంటుంది. ఎస్‌ఎంబీక్లయింట్‌తో చూసినా ప్రశ్నార్థకాలే కనిపిస్తే, ఫ్యాట్32 డిస్కును రూటర్ వేరే లిపి పట్టికతో తెరిచిందని అర్థం, దాన్ని కంప్యూటర్ నుంచి మార్చలేం. డిస్కులో అసలు పేర్లు భద్రంగానే ఉంటాయి. కంగారుపడి రూటర్ గుండా వాటి పేర్లు మార్చకండి, డిస్కును నేరుగా కంప్యూటర్‌కు తగిలించి కాపీ చేసుకోండి.

ప్రశ్న: పెద్ద వీడియో కాపీ చేస్తుంటే మధ్యలో ఆగిపోతుంది. ఒక్కోసారి డిస్కే మాయమవుతుంది.

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. ప్రతిసారీ 4 జీబీ దగ్గరే 'ఫైల్ టూ లార్జ్' అని ఆగితే డిస్కు ఫ్యాట్32లో ఉంది. ఒక్క ఫైలు అంతకు మించి అందులో పట్టదు. రూటర్ ఒప్పుకునే వేరే ఫార్మాటులోకి మార్చాలి. ఎక్స్‌ఫ్యాట్‌ను పాత రూటర్లు చాలావరకు గుర్తించవని మాత్రం మరవకండి.

డిస్కే మాయమవుతుంటే కరెంటు చాలడం లేదు. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు, 3.0 ఇచ్చేది 900. పోర్టబుల్ హార్డ్ డిస్కు తిరగడం మొదలెట్టేటప్పుడు అంతకంటే ఎక్కువ లాగవచ్చు. చెవి దగ్గర పెడితే టిక్కుటిక్కుమని శబ్దం, వెంటనే మోటారు ఆగి మళ్లీ మొదలవడం వినబడితే అదే. సొంత అడాప్టరున్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెట్టండి. ఆ తర్వాత 2.4 గిగాహెర్ట్జ్ వైఫై నెమ్మదించినట్టనిపిస్తే యూఎస్‌బీ 3.0 కేబుల్ నుంచి వచ్చే రేడియో గోల కారణం కావచ్చు. డిస్కును రూటర్ యాంటెన్నాలకు దూరంగా జరపండి, లేదా 5 గిగాహెర్ట్జ్ వాడండి.

ప్రశ్న: ఎస్‌ఎంబీ1 ప్రమాదం అంటూనే వాడమంటున్నారు. వాడవచ్చా?

బయటివారు లేని ఇంటి వైఫైలో, పోయినా బాధ లేని ఫైళ్ల కోసమైతే వాడవచ్చు. అందులో ఫైళ్లు ఎన్‌క్రిప్ట్ కాకుండా వెళ్తాయని గుర్తుంచుకుని, డిస్కు పాస్‌వర్డు మరెక్కడా వాడనిది పెట్టండి. రూటర్ పేజీలో డిస్కును ఇంటర్నెట్ నుంచి తెరిచే సదుపాయం ఉంటే ఆపేయండి, 445 పోర్టును బయటికి ఎన్నడూ తెరవకండి. బదులుగా ఎఫ్‌టీపీ వాడదామనుకునేవారు అందులో పాస్‌వర్డు కూడా దాపరికం లేకుండా వెళ్తుందని తెలుసుకోవాలి.

రెండు దారుల్లో మౌంట్ దారినే మేం ఎంచుకుంటాం. వెర్స్=1.0 ఆ ఒక్క మౌంటుకే వర్తిస్తుంది. ఎస్‌ఎంబీ.కాన్ఫ్‌లో పెట్టిన ఎన్‌టీ1 మీ ల్యాప్‌టాప్ ఏ వైఫైకి వెళ్లినా వెంట వస్తుంది, అక్కడ ఏ సర్వరు అడిగినా ఎస్‌ఎంబీ1కు దిగడానికి ఒప్పుకుంటుంది. ల్యాప్‌టాప్ ఇల్లు దాటేదైతే ఆ వరుస తీసేసి ఎఫ్ఎస్‌ట్యాబ్ మీదే ఆధారపడండి. మీ రూటర్ మోడల్‌కు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (కంపెనీ ఫర్మ్‌వేర్ బదులు వేసుకునే ఉచిత ఫర్మ్‌వేర్) దొరికితే, ఫైళ్లు పంచే కేఎస్‌ఎంబీడీ ప్యాకేజీ వేసుకోండి. అది ఎస్‌ఎంబీ1 కంటే కొత్త వెర్షన్లు మాట్లాడుతుంది, సాంబా4 కంటే చాలా తక్కువ చోటులో పడుతుంది. ఫ్లాష్ 8 ఎంబీ మాత్రమే ఉన్న రూటర్లలో ఆ తేడా బాగా తెలుస్తుంది.